బండి తలుపు రబ్బరు కూడా మన సాగులో భాగమే



మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ బొలెరోకు తలుపుల రబ్బర్లు ఎలా మార్చుకున్నానో పై వీడియోలో చూపించాను. షూటింగ్ రోజు పక్క ఊరి మిత్రుడొకరు వచ్చి, "అన్నా, జీవామృతం వీడియోలు చేసేటోనివి, గిప్పుడు మెకానిక్ దుకాణం పెట్టినవా?" అని నవ్వాడు. ఆయనకు అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పంట కోయగానే మన పని అయిపోదు. అది తినేవాళ్ల ఇంటికి చేరేదాకా సాగు నడుస్తూనే ఉంటుంది. మన చేనుకూ వాళ్ల ఇంటికీ మధ్య ఉండేది బండి. ఆ బండి తలుపు రబ్బరు పగిలిపోయి ఉంటే, ఏడాదంతా మనం పడ్డ కష్టంలో కొంత ఆ సందులోంచి కారిపోతున్నట్టే. చిల్లుకుండలో నీళ్లు పోసుకోవడం లాంటిది. నేను ఆ పని రెండేళ్లు చేశాను. అందులో ఒక తప్పు గుర్తొస్తే ఇప్పటికీ మనసు ఊరుకోదు.

రెండేళ్లు నిమ్మకాయ చేతిలో పెట్టాను

మాది తాండూరు వైపు. నల్లరేగడి నేల, కంది ప్రధాన పంట. దేశీ వరి, ఆకుకూరలు కూడా వేస్తాం. శనివారం తెల్లవారుజామున సరుకు ఎక్కించుకుని వికారాబాద్, అనంతగిరి ఘాట్ మీదుగా హైదరాబాద్ పోతాం. బండి 2006 మోడల్. మా నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వానాకాలం రేగడిలో ట్రాక్టర్ తప్ప ఇంకే బండీ కదలని రోజు కూడా ఇది చేను దాకా పోయి వస్తుంది. 2021లో పదిహేనేళ్లు నిండితే గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఇంకో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం. ఇంజన్ మీద మాకు అంత నమ్మకం.

శనివారం మా పాప కూడా మాతో వచ్చేది, హైదరాబాద్‌లో అమ్మమ్మ ఇంటికి. ముందు సీట్లో నేను, మా ఆవిడ. మధ్య సీటు మీద ఆకుకూరల క్రేట్లు. వెనక అడ్డ సీట్లో పప్పు బస్తాల పక్కన పాప. ఘాట్ ఎక్కేలోపే తలనొప్పి అనేది, ఘాట్ దిగేలోపు వాంతి చేసుకునేది. "మలుపులు కదా, పిల్లలకు మామూలే" అనుకున్నాం. నిమ్మకాయ చేతిలో పెట్టి వాసన చూడమనేవాళ్లం. ఖాళీ కడుపుతో తీసుకుపోతే తగ్గుతుందేమో అని పొద్దున పాలు కూడా మాన్పించాం.

ఒకసారి బండి పనిలో ఉంటే ఆర్టీసీ బస్సులో పోయాం. అదే ఘాట్, అవే మలుపులు. పాప కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా ముచ్చట్లు చెప్పింది. ఒక్కసారి కూడా కక్కలేదు. దిగినంక మా ఆవిడ, "మలుపులది కాదేమో, మన బండిదే ఏదో ఉంది" అంది.

ఆ తర్వాతి శనివారం ఆమె బండి నడిపింది, నేను వెనక పాప సీట్లో కూర్చున్నాను. ఇరవై నిమిషాలకే కళ్లు మండాయి. డీజిల్ పొగ వాసన. కాళ్ల దగ్గర వెనక తలుపు కింది అంచున రబ్బరు నలిగి, ఒకచోట తెగి వేలాడుతోంది. చెయ్యి పెడితే గాలి తగులుతోంది. ఘాట్ దాకా కూడా ఆగకుండా బండి పక్కకు ఆపించి, పాపను ముందుకు మార్చాను. ఆ రోజు మా ఇద్దరి మధ్య మాటలు లేవు.

చేనులో గ్రాము మందు కూడా కొట్టం అని గొప్పగా చెప్పుకునే మనిషిని నేను. డీజిల్ ఇంజన్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కైతే రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఆ పొగలో వారం వారం నా బిడ్డను కూర్చోబెట్టి, చేతిలో నిమ్మకాయ పెట్టాను.

పొగ వెనక నుంచి లోపలికి ఎందుకొస్తుంది

సైలెన్సర్ పొగ వెనక్కి పోతుంది, బండి ముందుకు పోతుంది, మరి లోపలికి ఎట్లా వస్తుంది అని అడుగుతారు. మన జీపులన్నీ డబ్బా ఆకారం. వేగంగా పోతున్నప్పుడు బండి వెనక గాలి పలచబడి, అక్కడ సుడి తిరుగుతుంది. కింది నుంచి లేచిన దుమ్ము, సైలెన్సర్ పొగ ఆ సుడిలో చిక్కి వెనక తలుపును అంటుకునే తిరుగుతాయి. మట్టి రోడ్డు మీద పోయి వచ్చాక వెనక అద్దం చూడండి, ముందు అద్దం కంటే ఎంత దుమ్ము పట్టి ఉంటుందో. తలుపు చుట్టూ సందుంటే అదంతా లోపలికి వస్తుంది. "గాలి ఆడుతుందిలే" అని ముందు కిటికీలు తెరిస్తే లోపలి గాలి బయటికి లాగేసి, ఆ సందులోంచి ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది.

దుమ్ము కథ కూడా ఇదే. మా వైపు నాపరాళ్ల గనులు, పాలిషింగ్ యూనిట్లు ఎక్కువ. లారీల వెనక పోతే తెల్ల దుమ్ము మబ్బులా లేస్తుంది. దారికి రెండు వైపులా పత్తి చేన్లు. మందు కొట్టే రోజుల్లో ఆ ఘాటు మా బండిలో తెలిసేది. ఒక అపార్ట్‌మెంట్‌లో అక్క పాలకూర కట్ట దులిపి, "తమ్ముడూ, మందు లేదన్నావు సరే, మట్టి మాత్రం బాగానే వేసినవు" అంది. నవ్వుతూనే అంది కానీ, నాకు చెంప మీద కొట్టినట్టైంది. ఇంకో వానకు ఎడమ తలుపు కింద నుంచి నీళ్లు కారి కందిపప్పు బస్తా అడుగు తడిసింది. ఇంటికొచ్చి విప్పితే బూజు వాసన. ఆ బస్తా అమ్మలేదు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సేంద్రియ సర్టిఫికేషన్ నియమాల్లో కూడా నిల్వలో, రవాణాలో సరుకు కలుషితం కాకుండా చూసుకోవాలని ఉంటుంది. ఆ పేరు, ఆ ముద్ర సంచి మీద వేసుకుంటాం. సంచిని మోసే బండిని మాత్రం ఎవరూ చూడరు, మనమూ చూడం.

"పాత బండికి ఎందుకన్నా ఖర్చు?"

ఈ మాట నాకు ముగ్గురు చెప్పారు. ఇద్దరు కొత్త బండి తీసుకోమన్నారు. ఒకరైతే ఫైనాన్స్ వాళ్ల నంబర్ కూడా పంపారు. నాకు అర్థం కానిది ఇదే. పెట్టుబడి తగ్గించుకోవాలని, అప్పుల్లోంచి బయటపడాలని ప్రకృతి సాగులోకి వచ్చాం. ఎరువుల షాపులో ఖాతా మూసేశాం. తలుపు రబ్బరు పగిలిందని ఐదేళ్ల కిస్తీ నెత్తిన ఎందుకు పెట్టుకోవాలి? గోటితో పోయేదానికి గొడ్డలి దాకా పోవడం అంటే ఇదే. నాకు రబ్బర్లు, గమ్, రెడ్ ఆక్సైడ్, మెకానిక్ కూలి అన్నీ కలిపి ఆరు వేల లోపే అయింది. కొత్త బండి ఒక నెల కిస్తీలో సగం కూడా కాదు.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. ముందు బంపర్ మీద లైట్లు, వెనక అద్దం మీద ఆవు బొమ్మ, "ప్రకృతి వ్యవసాయం" స్టిక్కర్, వీటికి పైసలు వెనకాడం. నా బండికీ ఉన్నాయి, కాదనను. ఆ స్టిక్కర్ అతికించిన తలుపుకే రబ్బరు తెగి ఉంది. ముందు రబ్బరు, తర్వాత స్టిక్కర్ అంటాను.

అయితే ప్రతి పాత బండినీ కాపాడుకోవాలని నేను చెప్పను. ఛాసిస్ తినేసినా, ఫ్లోర్ రేకు కాలు పెడితే దిగబడేంతగా పోయినా రబ్బర్ల మీద ఖర్చు దండగ. పొగ టెస్టులో పాస్ కాని బండిని రోడ్డు మీద తిప్పడం కూడా తప్పే. గట్టిగా ఉన్న బండి గురించే నేను మాట్లాడుతున్నది.

ఈ రాత్రే చూసుకోండి

మూడు పరీక్షలు ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

ఒకటి, టార్చి. చీకట్లో ఒకరు బండి లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట నుంచి తలుపు అంచు వెంబడి టార్చి వేసుకుంటూ పోవాలి. లోపలికి వెలుగు కనిపించినచోట సందు ఉన్నట్టే. నాకు వెనక తలుపు కింది భాగం దీపావళి లెక్క వెలిగింది.

రెండు, కాగితం. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగండి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు. జారిపోతే అక్కడ ఒత్తిడి లేదు. జానెడు జానెడు దూరంలో చుట్టూ చూడండి.

మూడు, సుద్దముక్క. రబ్బరు ఆనే అంచు మీద సుద్ద రాసి తలుపు మూసి తెరవండి. రబ్బరు మీద తెల్ల గీత ఎక్కడ పడలేదో అక్కడ అది తలుపుకు తగలడం లేదు.

పొగ వాసన వస్తుంటే వీటికంటే ముందు సైలెన్సర్ చూపించండి. జాయింట్ల దగ్గర నల్లటి మసి పట్టి ఉంటే అక్కడ లీకు ఉన్నట్టు. ఆ లీకు వదిలేసి రబ్బరు మార్చి ఊరుకుంటే ప్రమాదం అట్లాగే ఉంటుంది.

రబ్బరు ఆఖరు పని

నేను మొదట చేసిన పొరపాటు, నేరుగా షాపుకు పోవడం. మా టౌన్‌లో ఒక దుకాణంలో "అన్ని జీపులకు ఇదే అన్నా" అని చుట్ట ఇచ్చారు. తెచ్చి ఎక్కిస్తే తలుపే పడలేదు. లోపలి గొట్టం మా బండికి కావలసినదానికంటే లావు. ఆ చుట్ట ఇప్పుడు కోళ్ల షెడ్డు తలుపుకు పనికొచ్చింది.

అప్పుడు మా మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన రబ్బరు వైపు చూడనే లేదు. తలుపు తెరిచి, కొస పట్టుకుని పైకి ఎత్తాడు. టక్కున చప్పుడు. "ముందు కబ్జాలు చూడు సార్. తలుపు కిందికి జారింది. ఎంత మంచి రబ్బరు ఏసినా పైన నలుగుతది, కింద సందు ఉంటది" అన్నాడు. కబ్జాలంటే బందులే. వెనక తలుపు మీద స్టెప్నీ బరువు ఉంటుంది కదా, పదిహేనేళ్లు ఆ బరువు మోసి బందుల పిన్నులు అరిగిపోయాయి. ముందు పిన్నులు మార్చి, తలుపు సరిగ్గా కూర్చునేలా చేశాడు. దాంతోనే సగం సందు పోయింది.

రెండో పని తుప్పు. పాత రబ్బరు పీకితే దాని కింద రేకు అంచు ఎర్రగా పొరలు పొరలుగా లేచింది. రబ్బరు పగుళ్లలో నిలిచిన తడి చేసిన పని అది. వైర్ బ్రష్‌తో గీకి, ఎమెరీ కాగితం పట్టి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పెయింట్ వేశాను. తుప్పు మీదే కొత్త రబ్బరు ఎక్కిస్తే ఏడాదికి అంచే ఉండదు, రబ్బరు దేన్ని పట్టుకుంటుంది?

మూడోది రబ్బరు ఎంపిక. కొన్ని బండ్లకు బాడీ అంచు మీద నొక్కి ఎక్కించే రకం ఉంటుంది, లోపల రేకు పట్టీ ఉండి అంచును కరుచుకుంటుంది. కొన్నిటికి తలుపుకే గమ్‌తో అతికించే రకం. మీది ఏదో పాతది పీకితేనే తెలుస్తుంది. షాపుకు పోయేటప్పుడు పాత రబ్బరులో వేలెడు ముక్క కోసుకుపోండి. అదీ బాగా నలిగినచోట కాదు, తక్కువ నలిగినచోటిది. మూడు పోల్చండి: అంచును పట్టే నోరు ఎంత వెడల్పు, గొట్టం ఎంత లావు, ఆ గొట్టం పైన ఉందా పక్కన ఉందా. మీ మోడల్ రబ్బరే దొరికితే అదే తీసుకోండి. పొడవు సుతిలి తాడుతో కొలిచి, జానెడు ఎక్కువే తెచ్చుకోండి.

ఎక్కించేటప్పుడు లాగి ఎక్కించకూడదు. లాగితే ఆ రోజు బాగానే కనిపిస్తుంది, నెలకు కుంచించుకుని మూలల దగ్గర లేచిపోతుంది. మూలల్లో కొంచెం వదులుగా, రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ పోవాలి. అతుకు కింద గడప మధ్యలో రావాలి, పైన వస్తే వాన నీళ్లు అక్కడే దిగుతాయి. చివర కోసేటప్పుడు వేలు మందం ఎక్కువ ఉంచి, రెండు కొసలు ఒకదానికొకటి ఒత్తుకునేలా కూర్చోబెట్టండి. మొదటి పది పదిహేను రోజులు తలుపు గట్టిగా పడుతుంది. కంగారుపడి లాక్ కొక్కెం జరపకండి. రబ్బరు తనంతట తాను సర్దుకుంటుంది.

మనవాళ్లు చేసే మూడు తప్పులు

రబ్బరు మెరవాలని డీజిల్ గుడ్డతో తుడుస్తారు. ఈ రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం. ఎండకు, వానకు బాగా తట్టుకుంటుంది కానీ డీజిల్, కిరోసిన్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొద్దిగా చాలు. వేపనూనె, ఆముదం కూడా వద్దు. మనకు అలవాటైన నూనెలే కానీ, జిడ్డుకు దుమ్ము అంటుకుని రబ్బరును గీకేస్తుంది.

రెండో తప్పు, సందు కనిపించినచోటల్లా సిలికాన్ ట్యూబు పిండడం. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రేకు తుప్పు పడుతుంది.

మూడోది అన్నిటికంటే చేటు. తలుపు అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం పక్క నుంచి తలుపు లోపలికి దిగిన వాన నీళ్లు బయటికి పోవడానికి అవి. దుమ్ము వస్తుందని వాటిని మూసేస్తే తలుపు లోపల చెరువు తయారై, కింది నుంచి కుళ్లిపోతుంది. పొలంలో నీళ్లు పోయే కాలువ మూసి వాఫస కావాలంటే వస్తుందా? ఇదీ అంతే. రంధ్రాలను పుల్లతో శుభ్రం చేసి వదిలేయండి.

ఇప్పుడు ఎట్లా ఉంది

దుమ్ము పూర్తిగా ఆగిందని అబద్ధం చెప్పను. చాలావరకు తగ్గింది. మిగిలింది ఎక్కడి నుంచి అని చూస్తే గేరు రాడ్డు తొడుగు చినిగి ఉంది, ఫ్లోర్‌లో రెండు రబ్బరు బిళ్లలు లేవు. అవి కూడా వేయించాను. మట్టి రోడ్డు మీద ఇప్పుడు కిటికీలు మూసి, బ్లోయర్‌ను బయటి గాలి మీద పెడతాను. ముందు నుంచి వచ్చిన గాలి లోపల నిండి ఉంటే, సందుల్లోంచి దుమ్ము లోపలికి రావడం తగ్గుతుంది. ముందు లారీ ఉంటే మాత్రం దూరం పాటిస్తాను. ఆకుకూరల మీద తడి గోనెపట్టా కప్పుతున్నాం.

పాప ఇప్పుడు మధ్య సీట్లో కూర్చుంటుంది, క్రేట్లు వెనక్కి పోయాయి. రబ్బర్లు మార్చాక మొదటి శనివారం ఘాట్ దిగాక ఆమె, "నాన్నా, ఈ రోజు నిమ్మకాయ ఇయ్యలేదు" అని గుర్తు చేసింది. "ఇక అక్కర్లేదు బిడ్డా" అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పే ధైర్యం నాకు లేదు. పెద్దయ్యాక చెబుతాను.

నేలకు ఆచ్ఛాదన ఎందుకు అంటే మనలో ప్రతి ఒక్కరూ అరగంట మాట్లాడగలం. ఎండ తగలకూడదు, తడి ఆరకూడదు, లోపల ఉన్న ప్రాణాన్ని కాపాడాలి అంటాం. ఇంటి గడపకు పసుపు రాస్తాం. బండికీ గడప ఉంది, దాని లోపల కూడా మన ప్రాణాలే కూర్చుంటున్నాయి. ఈ రాత్రి పిల్లలను కూడా పిలిచి టార్చి వేసి చూడండి. వెలుగు కనిపిస్తే వచ్చే శనివారం దాకా ఆగకండి.